కలంకారీ పేరు – అచ్చు గుడ్డ
(పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



హైదరాబాదు శిల్పారామమువంటి చోట్ల చేతిపనుల సంతలు జరుగునపుడు శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తమ వస్త్రములను పరచి కూర్చుందురు. ఆ గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి యెండబెట్టవలెను. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట పులియబెట్టి నలుపు దీయవలెను. వెదురు కలముతో గీయవలెను. పటిక పెట్టి, రంగువేసి, పారునీట మరల మరల జాడింపవలెను. ఇన్ని దినముల పనిని మనవారు అరనిముసము చూచి, యంత్రముపై అచ్చయిన గుడ్డతో సరిపోల్చి, సగము ధరకే యిమ్మందురు! పెద్ద దుకాణములలో నోరెత్తక చెప్పినధర చెల్లించువారును వీరే.

1999 నాటి భౌగోళిక సూచికల చట్టముక్రింద శ్రీకాళహస్తి కలంకారీ పేరు నమోదైనది. కాని వ్యాజ్యమాడుటకు పనివానికి తీరిక యెక్కడిది? మా వకీళ్ల ఫీజు మాట చెప్పనేల! కావున అచ్చుగుడ్డను ఆ పేర నమ్మువానిని "ఇది కలముతో గీసినదేనా?" యని కొనువారే నిలదీయవలెను. గీత యెల్లచోట్ల నొక్కటే మందమున నున్నచో నది కలపు గీత కాదు.