కారు తాగే ఆయిల్

కారు కింద చుక్క కారలేదు, అయినా ఇంజన్ ఆయిల్ తగ్గింది. కంగారు పడకండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడ మీద పలచని ఆయిల్ పొర వదులుతాయి. అందులో కొంత ఇంధనంతో పాటే కాలిపోతుంది. 1000 కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని కొన్ని కంపెనీలే మాన్యువల్‌లో రాస్తాయి. నాకైతే అది ఎక్కువే!

రింగులు అరిగినా, వాల్వు సీళ్లు పెళుసెక్కినా ఆయిల్ ఖర్చు పెరుగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే సీళ్లను అనుమానించండి.

నెలకోసారైనా బండిని చదునైన చోట ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటేలా పోయకండి. ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే మాత్రం షెడ్డు దాకా నడుపుదామనుకోకండి. అక్కడే ఇంజన్ ఆపేయండి.