చెదపురుగు కడుపు - మన కాగితం
(ఇందుకూరుపేటలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై ఆరేళ్లు కాగితాల మధ్య బతికినవాణ్ణి. అందుకే ఈ రోజు కాగితాన్నే తిని బతికే జీవి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అదే చెదపురుగు.

1980ల్లో నేను పనిచేసిన ఒక ఆఫీసులో అటెండరు ఒకాయన సర్వీసులో ఉండగానే పోయాడు. కుటుంబ పెన్షన్ ప్రతిపాదనలు పంపడానికి ఆయన సర్వీసు రిజిస్టరు ఉన్న కట్ట విప్పాను. పైన అట్ట నిక్షేపంలా ఉంది. లోపల మట్టీ, పొడీ తప్ప కాగితం లేదు. ఆ కట్టను గోడవారగా నేలమీద పెట్టింది నేనే. పాత జీతాల బిల్లులు, ఆక్విటెన్సు రిజిస్టర్లు వెతికి ఆయన సర్వీసు మళ్లీ రాయడానికి పదకొండు నెలలు పట్టింది. ఆయన భార్య నెలనెలా వచ్చి వరండాలో కూర్చునేది. ఒకరోజు, "సామీ, పురుగు తింటే నేను పస్తుండాలా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ పురుగుకు కాగితం ఎలా అరుగుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. అన్నంలోని పిండిపదార్థం, కాగితంలోని సెల్యులోజు, రెండూ గ్లూకోజు గొలుసులే. లంకెలు వేసిన తీరులోనే తేడా. పిండి లంకెలు విప్పే అమైలేజు అనే ఎంజైము మన లాలాజలంలోనే ఉంది. సెల్యులోజు లంకెలు విప్పే సెల్యులేజును మన శరీరం తయారుచేయలేదు. ఆవు గడ్డి తిన్నా, దాని కడుపులోని సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. చెదపురుగుదీ అలాంటి అరువు సొమ్మేనని చాలాకాలం అనుకున్నారు. సూక్ష్మజీవుల సాయం ఉన్నా, సెల్యులేజు తయారుచేసే జన్యువు చెదపురుగుకు సొంతంగా కూడా ఉందని జపాన్ శాస్త్రజ్ఞులు 1998లో చూపించారు.

పుట్టలు కట్టే చెదలు ఇంకా గడుసువి. నమిలిన పుల్లా, ఆకూ పుట్ట లోపల పేర్చి, దానిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది మెత్తబరిచిన దాన్ని మళ్లీ తింటాయి. వానలకు ఆ పుట్టమీద లేచే గొడుగు ఆ శిలీంధ్రానిదే. పుట్టగొడుగు అని మనవాళ్లు ఎంత చక్కగా పేరు పెట్టారో చూడండి!

పొలంలో ఎండుపుల్లను మట్టిలో కలిపే మేలు కూడా ఈ ఎంజైములదే. కాబట్టి పురుగును తిట్టి లాభం లేదు. ఎండిన మోడుకూ, సర్వీసు రిజిస్టరుకూ తేడా దానికి తెలియదు. తెలియాల్సింది మనకు.

సముద్రానికి దగ్గరి ఊళ్లు మనవి. గోడలకు చెమ్మ ఎక్కువ, చెదకు కావలసింది ఆ చెమ్మే. మీ పీపీఓ, బ్యాంకు పుస్తకం, ఇంటి దస్తావేజులు ట్రంకు పెట్టెలో పెట్టి, పెట్టెను ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా ఉంచండి. ఏడాదికి రెండుసార్లు విప్పి చూడండి. నకళ్లు ఒక జత పిల్లల ఇంట్లో ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, అవి ఎక్కడున్నాయో మీ ఇంటావిడకు చెప్పండి. మన తర్వాత వాటిని పట్టుకుని ఆఫీసు మెట్లు ఎక్కాల్సింది ఆమే.

అట్ట చూసి కట్ట బాగుందనుకోవద్దు. నేను అనుకున్నాను.

సెలవు.