మధ్యలో ఆగిన చదువుకూ ఉపకార వేతనం ఉంది
(మహిళా దినోత్సవం సందర్భంగా మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్ర రంగంలో స్త్రీలకు ఇచ్చే ఉపకార వేతనాల గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను శాస్త్రవేత్తను కాను. 36 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైనవాణ్ణి. అందుచేత శాస్త్రం సంగతి తెలిసినవారికి వదిలేసి, కాగితాల సంగతి చెబుతాను.

ముందు ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. అన్నా మణి గారు 1918లో తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో పుట్టారు. ఎనిమిదో పుట్టినరోజుకు ఇంట్లోవాళ్ళు వజ్రాల దుద్దులు ఇవ్వబోతే వద్దని, విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కొనిపెట్టమన్నారట. వజ్రాలు వద్దన్న ఆ పిల్లే తర్వాత స్కాలర్‌షిప్పు మీద బెంగళూరు వెళ్ళి, సి.వి. రామన్ గారి దగ్గర వజ్రాల కాంతి మీద పరిశోధన చేశారు. అయిదు పత్రాలు ప్రచురించారు. అయినా ఎం.ఎస్‌సి. పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. 1945లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్ళి వాతావరణ పరికరాల విద్య నేర్చుకున్నారు. 1948లో తిరిగొచ్చి వాతావరణ శాఖలో చేరి, 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు. పట్టా లేకపోయినా ఆ రెండు స్కాలర్‌షిప్పులే ఆవిడకు దారి చూపించాయి.

ఇప్పటి సంగతికి వస్తాను. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఆడపిల్లలను సైన్సు వైపు ప్రోత్సహించడానికి కేంద్రం 2019-20లో విజ్ఞాన్ జ్యోతి మొదలుపెట్టింది. ఇంజనీరింగు, డిప్లొమా పిల్లలకు సాంకేతిక విద్యా మండలి వారి ప్రగతి స్కాలర్‌షిప్పు ఉంది. ఏడాదికి 50,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. ఇవి మనలో చాలామందికి తెలిసినవే. కాలేజీ వాళ్ళే చెబుతారు, పిల్లలూ నెట్ సెంటర్లో కనుక్కుంటారు.

ఎవరూ చెప్పనిది ఆ తర్వాతి దశ. ఎం.ఎస్‌సి. ఫస్టు క్లాసులో ప్యాసై, పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉండిపోయిన అమ్మాయి సంగతేమిటి? ఇలాంటివారి కోసమే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం పెట్టింది. పరిశోధనకు వయోపరిమితి ఒక దశలో 27 నుంచి 57 ఏళ్ళు ఉండేది. యాభై ఎనిమిదికి మనల్ని ఇంటికి పంపితే, యాభై ఏడేళ్ళ ఆడమనిషిని పరిశోధనకు రమ్మన్న పథకం అది! 2014లో దాన్ని కిరణ్ పేరు కింద చేర్చారు. ఇప్పుడు వైజ్-కిరణ్ అంటున్నారు. పిహెచ్.డి. చేసేవారికి ఒకటి, చేసినవారికి ఒకటి వేరు చేశారు. నియమాలు మారుతుంటాయి కనుక ఏ ఏటి ప్రకటన ఆ ఏడు చూసుకోవాలి.

మా మేనకోడలు 2017లో దీనికి దరఖాస్తు చేసింది. అప్పటికి దాని వయసు 36. "మావయ్యా, నా చదువుకు తుప్పు పట్టింది" అంది. తుప్పు వదలడానికి ఆర్నెల్లు పట్టిన మాట నిజమే. ఏం పరిశోధన చేస్తుందో సొంతంగా రాసివ్వాలి. చేయించే ప్రొఫెసరును తనే వెతుక్కోవాలి. ఆ సంస్థ అధిపతి ఒప్పుకోలు పత్రం కావాలి. ఒకచోట ఆ పత్రం సంతకానికి పదకొండు రోజులు బల్ల మీదే ఉంది. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ రాయించాను. మొదటిసారి రాలేదు. మరుసటి ఏడు వచ్చింది, మూడేళ్ళకు.

ఆ మూడేళ్ళూ చంటివాణ్ణి బడికి దింపి తెచ్చింది దాని మామగారు. ఆయనా మనలాంటి పెన్షనరే. నెల నెలా డబ్బు కేంద్రం ఇచ్చింది గాని, ఉదయం తొమ్మిదికి అమ్మాయి ల్యాబుకు వెళ్ళేలా చూసింది ఆయన.

ఒకటి దాచకూడదు. మూడేళ్ళయ్యాక ఉద్యోగం ఇస్తామని ఆ పథకం చెప్పదు. మా అమ్మాయి ఇప్పటికీ ఒక కాలేజీలో ఏడాదికేడాది కాంట్రాక్టు మీదే చెబుతోంది. పిహెచ్.డి. మాత్రం చేతికొచ్చింది. ఉద్యోగం సంగతి చూడకుండా స్కాలర్‌షిప్పు ఇచ్చి చేతులు దులుపుకుంటే సగం పనే అయినట్టని నా అభిప్రాయం. మన సంఘం పంపే మహజర్లలో డి.ఎ. బకాయిల పక్కన ఇదీ ఒక పేరా చేర్చాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

మీ కోడళ్ళలో, కూతుళ్ళలో ఇలా సైన్సు చదివి ఆగిపోయినవారుంటే నాకు చెప్పండి. ప్రతి రెండో శనివారం ఉదయం పది నుంచి మన సంఘ కార్యాలయంలో ఉంటాను. పదో తరగతి సర్టిఫికెట్, డిగ్రీ పట్టాలు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఇంటిపేరు మారితే దానికి రుజువు తెచ్చుకోమనండి. అఫిడవిట్ నమూనా నా దగ్గర ఉంది. సెలవు.