కంటిచూపునకు కూరాకు తోడు
(ప్రసంగ పాఠము)



మన వాడిపట్టి బిడ్డలు బడిలో తమిళము చదువుచున్నారు. తెలుగక్షరము వారికి ఇంటనే, తాత అవ్వల యొద్దనే లభించుచున్నది. ఆ పెద్దల చూపు మందగించినచో ఇంటి తెలుగు చదువును మందగించును. కావున నేడు కంటిని గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను.

కంటి వెనుక భాగమున రెటీనా యను పలుచని పొర కలదు. వెలుగును గ్రహించునది అదియే. శరీరమున ప్రాణవాయువును మిక్కిలిగా వినియోగించు భాగములలో అది యొకటి. లాంతరు వెలుగుచుండగా చిమ్నీకి మసి పట్టునట్లు, వెలుగును ప్రాణవాయువును కలియు ఆ చోట హాని చేయు పదార్థములు నిరంతరము పుట్టుచుండును. దీనినే ఆక్సీకరణమందురు. రెటీనాను పోషించు కణముల వరుస దాని వెనుకనే యున్నది. వయస్సు మీరినకొలది, అందును పొగత్రాగువారిలో, ఈ మసి పేరుకొని ఆ కణములు నశించును. అప్పుడు చూపు నడిమి భాగము మసకబారును.

మొక్కలు ఎండ తాకిడి నుండి తమ్ము కాచుకొనుటకై ఫ్లేవనాయిడ్లనెడి పదార్థములను నిర్మించుకొనును. చిన్న ఉల్లిలోను మునగాకులోను ఉన్న క్వెర్సెటిన్ అట్టిది. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు మానవుని కంటి కణములను ప్రయోగశాలలో ఆక్సీకరణమునకు గురిచేసిరి. క్వెర్సెటిన్ మొదలగు కొన్ని ఫ్లేవనాయిడ్లు వానిని చావకుండ కాపాడినవి. అవి మసిని అణచుటయే గాక, కణము తన మసిని తానే తుడుచుకొను శక్తిని గూడ మేల్కొల్పినవి.

గాజుపాత్రలో జరిగినది మనుష్యునిలోను జరుగునా? ఆస్ట్రేలియాలో 2000 మందికి పైగా పెద్దలను 15 సంవత్సరములు పరిశీలించి, 2018లో ఫలితము ప్రకటించిరి. దినమునకొక నారింజయైనను తినువారిలో ఈ వ్యాధి ముదిరిన దశకు వచ్చు అవకాశము 60 శాతమునకు మించి తక్కువగా కనబడినది. అయినను వారి ఇతర మంచి అలవాట్లును ఇందుకు కారణము కావచ్చును. కనుక ఇది ఆశ కలిగించు సాక్ష్యమేగాని తుది తీర్పు కాదు.

మనము చేయదగినది సులభము. ఉల్లి పైపొరలలో క్వెర్సెటిన్ హెచ్చు. ఎండుపొట్టు మాత్రమే తీయుడు. ఆకు ఉడికిన నీటిని పారబోయక చారులో కలుపుడు. కాని ఆకురసమును కంటిలో పిండకుడు. పుండుపడి ఉన్న చూపును పోవచ్చును. కంటి శుక్లము ఏ ఆకునకును కరగదు. దానికి శస్త్రచికిత్సయే మార్గము. డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి మదురైలో మనకు చేరువనే యున్నది. మధుమేహము గలవారు ఏటేట కన్నులు పరీక్ష చేయించుకొనవలెను.

"వయస్సు వచ్చినది, చూపు తగ్గదా" యని ఊరకుండు అవ్వను ఈ వారమే వైద్యుని యొద్దకు తోడుకొని పొండు. ఆమె చదువుచుండగా మనుమలు వినవలెను.