పళ్ళెం వెనుక ప్రభుత్వం



అమెరికాలో పుట్టి పెరుగుతున్న మన పిల్లల్లో చాలామంది మధ్యాహ్న భోజనం బడిలోనే చేస్తారు. ఆ పళ్ళెంలో ఏమేమి ఉండాలో నియమాలు పెట్టేది ప్రభుత్వం. రాజకీయపు గాలి మారినప్పుడల్లా ఆ నియమాలూ మారుతూ వచ్చాయని మనవి చేయదలచుకొన్నాము.

1946లో బడి భోజనాల చట్టంపై ప్రెసిడెంటు ట్రూమన్ సంతకం చేశారు. పిల్లల ఆరోగ్యంతో పాటు దేశ రక్షణ, రైతు పంటకు గిరాకీ కూడా ఆ చట్టపు ఆశయాలే. 1977 జనవరిలో సెనేటర్ మెక్‌గవర్న్ సంఘం మాంసం తగ్గించండని చెప్పింది. పశువుల పెంపకందారులు మండిపడ్డారు. డిసెంబరులో వెలువడిన రెండవ ప్రతిలో ఆ మాట మెత్తబడింది. 1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించబోయి, ఊరవేసిన దోసకాయ రెలిష్‌ను కూడా కూరగాయగా లెక్కించవచ్చునని ప్రతిపాదించింది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనం కూడా ఆవకాయను కూర అనము గదా! నలుగురూ ఎగతాళి చేయగా ఆ ప్రతిపాదన వెనక్కు పోయింది. 2010 చట్టం తరువాత ముడి ధాన్యాలు, కూరగాయలు పెరిగాయి. 2018లో ధాన్యం నియమం మళ్ళీ సడలింది.

మరి శాస్త్రం మాటేమిటి? భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. గర్భం ధరించక ముందునుంచే తల్లికి అది అందితే శిశువుకు వెన్నెముక లోపాలు చాలావరకు తప్పుతాయని 1991లో రుజువైంది. ‘ఎన్‌రిచ్డ్’ అని అమ్మే పిండి, బియ్యం, రొట్టెలలో అది తప్పనిసరి అయినది 1998లో. మొక్కజొన్న మాసా పిండి మాత్రం ఆ జాబితాలో లేదు. అది తినే హిస్పానిక్ కుటుంబాల పక్షాన 2012లో సంఘాలు అర్జీ పెట్టగా, 2016లో కలుపుకొనేందుకు అనుమతి లభించింది.

మన వంటింటి సన్నబియ్యం, గోధుమపిండి సంచుల మీద ఆ మాట ఉన్నదా? చూడండి. లేకుంటే ఆ విటమిన్ కలిపారని అనుకోరాదు. ఉన్న బియ్యాన్ని పదే పదే కడిగితే చాలావరకు నీళ్ళపాలే.

ఆహార సూచనలను అయిదేళ్ళకొకసారి ప్రకటించాలని 1990 నాటి చట్టం. ప్రజాభిప్రాయమూ కోరుతూ వచ్చారు. పశువుల పెంపకందారులు మాట్లాడారు, మాసా తినేవారి తరఫున మాట్లాడారు. పప్పన్నం, పెరుగన్నం తినే మనమూ మాట్లాడాలి. ఈ గడ్డమీద పుట్టి ఓటుహక్కు పొందిన మన యువతీయువకులు ఆ బాధ్యత చేపట్టవలెనని మా విన్నపం.

సెలవు.