బంతి కాలి దగ్గర, ఆట మనసులో



ఈ రోజు ఫుట్‌బాల్ ఆట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "మాకెందుకు టీచరమ్మా ఈ బంతాట?" అంటారేమో. మన ఆడపిల్లలు కూడా ఈ ఆట ఆడుతున్నారు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశం వెళ్లి, జాగ్రెబ్ నగరంలో ఒక క్లబ్బులో చేరింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను మేటి క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఫుట్‌బాల్ కాళ్లతో ఆడే ఆట. కానీ కాళ్లు ఒక్కటే చాలవు. జట్టుకు 11 మంది. పెద్దవాళ్ల ఆట 90 నిమిషాలు. బంతి మాత్రం ఒక్కటే. ఒక్కొక్కరి కాలికి బంతి అందేది కొద్ది నిమిషాలే. మరి మిగతా సేపు ఏం చేయాలి? చూడాలి. ఆలోచించాలి.

మంచి ఆటగత్తె బంతి రాకముందే తల తిప్పి అటూ ఇటూ చూస్తుంది. మనవాళ్లు ఎక్కడున్నారు? ఎదుటివాళ్లు ఎక్కడున్నారు? ఖాళీ ఎటు ఉంది? బంతి వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఎదుటివాళ్లు లాక్కుపోతారు.

ఇంకొక సంగతి ఉంది. అది తన ఆలోచనను తానే గమనించుకోవడం. ఇది మీకు కొత్త కాదు. నాట్లు వేసేటప్పుడు మధ్యలో నడుం ఎత్తి వరస చూసుకుంటారు కదా? వంకర పోతే సర్దుకుంటారు కదా? ఆటలోనూ అంతే. "నేను ఏం చేద్దామనుకున్నాను? ఏం జరిగింది? ఈసారి ఏం మార్చాలి?" అని పిల్ల తనను తాను అడగాలి.

హాలెండు దేశంలో 11 నుంచి 17 ఏళ్ల వయసున్న 444 మంది ఆటగాళ్లను ఈ విషయం గురించి అడిగారు. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. పైస్థాయి జట్లలో ఉన్న పిల్లలు రెండు విషయాల్లో ముందున్నారు. ఒకటి, తమ ఆట గురించి తాము ఆలోచించుకోవడం. రెండు, పట్టు వదలకుండా శ్రమ పడటం.

ఆటలో తప్పు అందరికీ జరుగుతుంది. గోలు తప్పిపోతుంది. బంతి చేజారుతుంది. అప్పుడు పిల్ల మనసు ఆ తప్పు దగ్గరే ఆగిపోతే, తర్వాతి బంతి కూడా పోతుంది. అందుకే ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి. "తర్వాతి బంతి" అని మనసులో అనుకోవాలి. ఇది కూడా సాధన చేస్తేనే వస్తుంది.

ఇక్కడే తల్లి పని ఉంది. ఓడి వచ్చిన పిల్లను "నీకెందుకే ఆట, ఇంట్లో కూర్చో" అంటే ఏమవుతుంది? మరునాడు ఆమె కళ్లు బంతి మీద ఉండవు. తిట్లు గుర్తొస్తాయి. భయంతో కాళ్లు బిగుసుకుపోతాయి. కొన్నాళ్లకు ఆటే మానేస్తుంది.

"గెలిచావా, ఓడావా?" అని మొదటే అడగకండి. ముందు కాసిన్ని మంచినీళ్లు ఇవ్వండి. తర్వాత ఈ మూడు ప్రశ్నలు అడగండి.

ఈ రోజు ఏది బాగా చేశావు?
ఎక్కడ తడబడ్డావు? అప్పుడు ఏమనుకున్నావు?
రేపు ఏం మార్చి చూస్తావు?

జవాబు మీరు చెప్పకండి. పిల్లనే చెప్పనివ్వండి. ఆమె చెప్పింది మీ నోటుబుక్కులో, మీ చేతితో రాయండి. పక్కన తేదీ వేయండి. నెల తర్వాత తల్లీ కూతుళ్లు కలిసి చదువుకోండి. పిల్ల ఆట ఎంత మారిందో తెలుస్తుంది. మీ రాత ఎంత కుదిరిందో కూడా తెలుస్తుంది.