పటాచారకు ఉత్తరీయమిచ్చిన చేయి
(ఖరగ్‌పూర్ ధమ్మ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పటాచార గాథ మనకు తెలియనిది కాదు. భర్తను పాము కాటుకు, ఒక బిడ్డను డేగకు, మరొక బిడ్డను ఏటికి, తల్లిదండ్రులను, సోదరుని గాలివానకు కోల్పోయి, ఒంటిమీద బట్ట ఉన్నదో లేదో తెలియక ఆమె శ్రావస్తి వీధులలో తిరిగింది. జనులు పిచ్చిదని మట్టిగడ్డలు విసిరారు. జేతవనంలో తథాగతుడు మాత్రం ఆమెను అడ్డగించవద్దన్నాడు. స్మృతి తెచ్చుకొమ్మని మృదువుగా పలికాడు. సభలోని ఒకరు తమ ఉత్తరీయం అందించారు. ఆ తరువాతనే ధర్మోపదేశం జరిగింది.

ఇందులో మనం గమనించవలసినది పనుల పొందిక. రాళ్లను ఆపడం ఒక పని, మేను కప్పడం ఒక పని, మనసుతో మాట్లాడడం మరొక పని. ఉత్తరీయమిచ్చిన వ్యక్తి పేరు కథలో లేదు. అయినా ఆ వస్త్రం లేనిదే ఆమె ఉపదేశం వినడానికి కూర్చోగలిగేది కాదు.

ఇక మన ఊరి సంగతి. అర్ధరాత్రి ఒకరు పట్టాల వెంట దిక్కుతోచక నడుస్తుంటారు. ఒక క్వార్టరులో ఒకరు సామాను విసురుతూ కేకలు వేస్తుంటారు. ముందుగా చేరేది రక్షకదళ జవాను, ట్రాక్ సిబ్బంది, అంబులెన్సు వారు. ప్రాణాన్ని అపాయం నుండి తప్పించడం వారికి తెలుసు. చెదిరిన మనసును నెమ్మదింపజేయడం మానసిక వైద్యునికి, కౌన్సెలరుకు తెలుసు. కాని ఆ వేళ వారు అక్కడ ఉండరు. ఈ రెండు విద్యలూ ఒకే చోటికి చేరాలి.

ఇది అసాధ్యం కాదు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో పోలీసు కాల్పులలో ఒక మానసిక రోగి మరణించిన పిదప, 1988లో పోలీసులకు మానసిక వైద్య నిపుణులచే ప్రత్యేక శిక్షణ మొదలైంది. యూజీన్ నగరంలో 1989 నుండి 2025 వరకు ఒక వైద్య సహాయకుడు, ఒక సంక్షోభ సహాయకుడు కలిసి ఒకే వాహనంలో ఇటువంటి పిలుపులకు వెళ్లే పద్ధతి ఉండేది.

మన దేశంలోనూ చట్టం దారి చూపింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను ప్రకారం, మానసిక రోగంతో తన్ను తాను చూసుకోలేక తిరుగుతున్న వ్యక్తిని పోలీసులు రక్షణలోకి తీసుకొని, 24 గంటలు దాటకుండా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, లాకప్‌లో ఉంచరాదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్, 14416 నంబరుపై, తెలుగుతో సహా అనేక భాషలలో పలుకుతుంది. ప్రాణాపాయమైతే 112, రైలులోనైతే 139.

అయినను మన ఇళ్లలో రెండు అడ్డంకులు మిగిలి ఉన్నాయి. మొదటిది మూఢనమ్మకం. 1956 అక్టోబరు 14న నాగ్‌పూరులో బాబాసాహెబ్ ఇచ్చిన ప్రతిజ్ఞలను పలికిన మనలోనే, మనసు చెదిరిందనగానే భూతవైద్యుని గుమ్మం తొక్కేవారున్నారు. రెండవది ఉద్యోగ భయం. విషయం బయటపడితే కొలువు పోతుందని రైల్వే కుటుంబాలు తలుపులు మూసుకుంటాయి. సర్వీసులో ఉండగా వైకల్యం, అది మానసికమైనదైనా, ఏర్పడినంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. ఈ మాట ప్రతి క్వార్టరుకూ చేరాలి.

మన సంఘం చేయగలిగినది ఏమి? వైద్యులం కాము, పోలీసులమూ కాము. కాని వచ్చిన జవానుకు తెలుగు రాకపోవచ్చు. కలత చెందిన మనిషి నోట అమ్మభాష తప్ప మరొకటి రాకపోవచ్చు. ఆ ఇద్దరి నడుమ నిలిచి మాట చేరవేయగల యువకులు, ఉపాసికలు మనలో ఉన్నారు. వైద్యుల చేత వారికి శిక్షణ ఇప్పిద్దాము. గుంపును దూరం చేయడం, సెల్‌ఫోన్లతో చిత్రాలు తీయకుండా ఆపడం, గొంతు తగ్గించి మాట్లాడడం, ఆస్పత్రి వరకు తోడు వెళ్లడం, తిరిగి వచ్చిన తరువాత ఆ ఇంటిని వెలివేయకుండా చూడడం మన వంతు.

దేహానికి తగిలిన బాణం ఒకటి, మనసుకు తగిలే బాణం రెండవది అని భగవానుడు బోధించాడు. రెండింటినీ తీసే చేతులు వేరైనా, కరుణ ఒక్కటే. పటాచార కోలుకొని, వినయంలో భిక్షుణులందరిలో అగ్రగణ్యురాలై, దుఃఖంలో ఉన్న ఎందరో స్త్రీలకు ఊరట అయింది. నేడు మనం పిచ్చిదని తరిమే మనిషిలో రేపటి ఉపదేశకురాలు ఉండవచ్చు.

భవతు సబ్బ మంగళం.